లోపలి గడియ

మా అత్తగారింట్లో తలుపు మూసుకునే అలవాటు ఎవరికీ లేదు. పెళ్ళిరాత్రి మూసేవాళ్ళు, శవానికి స్నానం చేయించేటప్పుడు మూసేవాళ్ళు. మిగతా రోజుల్లో ప్రతి గదికీ ఒక గుడ్డ తెర వేలాడుతుండేది. దాన్ని ఎవరైనా ఎప్పుడైనా తోసుకొని వచ్చేయొచ్చు, దగ్గాల్సిన పని కూడా లేదు. అలాంటి ఇంట్లో నేను ఒక తలుపు కోసం పోట్లాడాను. ఈస్టరుకు ముందొచ్చే పెద్ద ఉపవాసాల కాలమంతా పోట్లాడాను. ఆ ఏడాదితో రిఫ్కాకి బుద్ధొచ్చిందని మా తోడికోడలు జోర్జెత్ ఇప్పటికీ అందరితో చెబుతుంది. నాకేమీ బుద్ధి రాలేదు. నేను గెలిచాను, అంతే.

మాది చెరకు పాకం వండే ఇల్లు. చలికాలంలో తిరగడం మొదలుపెట్టిన గానుగ ఈస్టరు దాకా ఆగదు. ఇంటి వెనకే బట్టీ, బట్టీ మీద పెద్ద పెనం, చుట్టూ పిప్పి కుప్పలు. నల్లగా చిక్కబడ్డ పాకాన్ని మట్టిజాడీల్లో పోసి కొట్టుగదిలో పెట్టి తాళం వేస్తారు. మాంసం, పాలు, గుడ్లు మానేసే ఆ ఉపవాస దినాల్లో నైలు పొడుగునా క్రైస్తవుల రొట్టె మీద పడేది ఆ పాకమే. అందుకని ఉపవాసాలంటే మా ఇంట్లో భక్తి కంటే ముందు గిరాకీ గుర్తొచ్చేది. కొట్టుగది తాళంచెవి మా అత్త లబీబా మెడలో, సిలువ పక్కనే వేలాడేది. ఆ రెంటిలో దేన్ని ఎక్కువసార్లు తడుముకునేదో నేను చెప్పను.

ఆ ఏడు గానుగ మొదలైన రోజుల్లోనే నాకు కూతురు పుట్టింది. అప్పటికి కొడుకు మీనా ఉన్నాడు. పాపకు ఏడో రోజున, ఒక్కో పేరు అనుకుని ఒక్కో కొవ్వొత్తి వెలిగించాం. అన్నిటికంటే ఆఖర్న ఆరింది తెక్లా అనుకున్న కొవ్వొత్తి. అదే పేరు పెట్టాం. మా అత్త బీరువా మీంచి వెల్వెట్ గుడ్డలో చుట్టిన పరిశుద్ధ గ్రంథం దించి పాప దిండు కింద పెట్టింది. మా ఇంట్లో ఆ పుస్తకానికి ఉన్న పని అదే. పసిబిడ్డ తల కింద దిష్టికి, పరీక్షలప్పుడు మీనా తల కింద మార్కులకి. చదవడం అబూనా పని. మా పాదిరిగారిని మేం అబూనా అంటాం.

ఆడపిల్లను కన్న తల్లి ఎనభై రోజులు చర్చి గడప తొక్కకూడదు. బిడ్డకు బాప్తిస్మం కూడా ఆ గడువు తీరాకే. మా లెక్క ప్రకారం గడువు ఉపవాసాల చివర్లో తీరుతుంది. సరిగ్గా బాప్తిస్మాల ఆదివారం నాటికి. చుట్టుపక్కల ఊళ్ళ పసివాళ్ళందరికీ ఆ రోజే నీళ్ళు పడతాయి. నేను అప్పటికే తెల్లగౌను కుట్టి పెట్టాను.

ఉపవాసాలు ఇంకా మొదలుకాకముందే ఒక పగటిపూట తెక్లా ఒళ్ళు జ్వరంతో కాలిపోయింది.

"అత్తా, అబూనాని పిలిపించు. నీళ్ళు పోయించేద్దాం," అన్నాను.

"నోర్ముయ్. గడువు తీరకుండా నీళ్ళు పోయించడమంటే చావుకి కబురు పెట్టడమే. పిల్లకి ఒళ్ళు వెచ్చబడగానే శవపేటిక కొలతలు తీస్తావా?"

"పోనీ మీ అబ్బాయినైనా పిలువు. పట్నం తీసుకెళ్దాం."

"పాకం తీగ మీదుంది. ఇప్పుడొదిలేస్తే పెనమంతా మాడిపోద్ది. దించగానే వస్తాడులే. తడిగుడ్డ వెయ్యి."

తడిగుడ్డ వేశాను. నా భర్త అయ్యాద్ పాకం దించాక, చేతులకు అంటిన జిగురు కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చాడు. పాపను చూసి, బండి తీసి అబూనా ఊరి వైపు వెళ్ళాడు. కాలువ వంతెన దాటాడో లేదో నాకు తెలియదు. ఇక్కడ నా చేతుల్లో అంతా అయిపోయింది. పుస్తకం దిండు కిందే ఉంది.

నీళ్ళు పడని బిడ్డ కాబట్టి చర్చిలో ప్రార్థన లేదు. మగవాళ్ళు తీసుకెళ్ళి ఎడారి అంచున మా వాళ్ళ సమాధుల్లో పెట్టి వచ్చారు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళలో ఒక ముసలామె నా తల నిమిరి, జాలిగానే అంది: "నీళ్ళు పడలేదుగా తల్లీ. వెలుగు చూడలేదు పాపం. అక్కడ కూడా గుడ్డిదిగానే తడుముకుంటా ఉంటది."

నేను అత్త వైపు తిరిగి, "నిజమేనా అత్తా?" అని అడిగాను.

ఆమె పుస్తకాన్ని వెల్వెట్ గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేసింది. ఆ మౌనాన్ని నేను ఔననే అర్థం చేసుకున్నాను.

ఉపవాసాలకు ముందు ఆదివారం ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్ళారు. నాకు గడువు తీరలేదు కాబట్టి నన్నొక్కదాన్నే వదిలి వెళ్ళారు. బిడ్డే లేకుండా పోయాక ఇంకా ఈ గడువేమిటని ఎవరికీ తోచలేదు. నేను పీటెక్కి పుస్తకం దించాను. నా బిడ్డ తల కింద ఉండి, ఆ తల చల్లబడుతుంటే ఊరుకున్న పుస్తకమిది. ఇందులో ఏముందో నేను చూడాల్సిందే అనుకున్నాను. నాకు రెండు సంగతులు కావాలి. నా కూతురు నిజంగా చీకట్లో ఉందా అన్నది ఒకటి. దానికి నీళ్ళు దక్కనివ్వని మనిషికి ఏం శిక్ష రాశారన్నది రెండోది. ఏది ఎక్కువ కావాలంటే, ఆ రోజున రెండోదే.

వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను గడప మీద కూర్చుని చదువుతున్నాను. జోర్జెత్ నన్ను చూసి నవ్వింది.

"భలే దానివి! ఇవాళ అబూనా చదివింది కూడా ఇలాంటి సంగతే. ప్రార్థన చేసుకోవాలంటే గదిలోకెళ్ళి తలుపేసుకోవాలంట. మనింట్లో ఏ గదికి తలుపేడ్చిందని?"

"కొట్టుగదికి ఉంది," అన్నాను.

జోర్జెత్ నవ్వు ఆగిపోయింది. అత్త చెయ్యి మెడ మీదికి పోయింది.

"ఓహో. కోడలికి తాళంచెవి కావాల్సొచ్చిందన్నమాట. నా శవం లేచేదాకా ఆగవే. ఆ తర్వాత నువ్వూ జోర్జెత్తూ జుట్లు పట్టుకుని తేల్చుకోండి."

"నాకు చెవి అక్కర్లేదు. తలుపు కావాలి. రోజూ ఒక్క అరగంట."

"పట్టపగలు ఆడది తలుపేసుకుంటే ఊరేమనుకుంటది? ఈ ఇంట్లో మళ్ళీ శవం లేచిందనుకుంటది."

మొదటి వారం తలుపు లేకుండానే చదివాను. వంటింట్లో చదివితే జోర్జెత్ తెర తోసుకొచ్చి, "సన్యాసినిగారూ, మఠానికి ఎప్పుడు ప్రయాణం? వెళ్ళే ముందు ఈ చిక్కుళ్ళు రుబ్బిపెట్టి పోదురూ," అనేది. గదిలో చదివితే పిల్లలు ఒళ్ళోకెక్కి పుటలు లాగేవాళ్ళు. డాబా మీద పావురాల గూళ్ళ మధ్య కూర్చుంటే అటు నాలుగిళ్ళూ ఇటు నాలుగిళ్ళూ చూసేవి. లబీబా కోడలికి బిడ్డ పోయి మతి చలించిందని సాయంత్రానికి నా చెవిన పడింది. ఒక వాక్యం మొదలుపెడితే దాని చివరికి చేరిన పాపాన పోలేదు. ఏడవడానికి కూడా చోటు లేని ఇల్లది. ఏడుస్తుంటే పదిమంది చుట్టూ చేరి నీళ్ళు తాగించేవాళ్ళు.

రెండో వారంలో కైరో నుంచి వర్తకుడు లారీ వేసుకొచ్చాడు. ఉపవాసాల సరుకు, పెద్ద బేరం. అత్త కొట్టుగది తాళం తీసి, మగవాళ్ళను కేకేయడానికి వెనక్కి తిరిగింది. నేను లోపలికి దూరి గడియ వేశాను. వెనకటి రోజుల్లో దొంగల భయానికి మా మామ ఆ గదికి లోపలి నుంచి ఇనుప గడియ పెట్టించాడు. నా చెయ్యంత లావు ఉంటుంది.

"ఎవరే లోపల?" అంది అత్త.

"నేనే."

"ఏం వెలగబెడుతున్నావే అక్కడ?"

"చదువుకుంటున్నా."

తలుపు మీద దెబ్బలు పడ్డాయి. పైన చిన్న కిటికీ ఉంది, దాంట్లోంచి జాడీల మీద పడేంత వెలుతురు వస్తోంది. నేను ఒక బోర్లించిన జాడీ మీద కూర్చుని, వేలు పెట్టుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఈసారి అయ్యాద్ గొంతు వినిపించింది.

"రిఫ్కా, తలుపు తియ్యవే. బయట వర్తకుడు నవ్వుతున్నాడు. పరువు పోతోంది."

"పోతే పోనీవయ్యా. దాన్ని కూడా లారీలో వేసి పంపించెయ్."

కాసేపు గుసగుసలు వినిపించాయి. తర్వాత పరాయి గొంతు, ముసలాయనది, మర్యాదగా పలికింది.

"అమ్మా, ఎంతసేపు పడుతుందో చెబితే నేనొక టీ తాగొస్తాను."

"అధ్యాయం పెద్దది హాజ్‌గారూ. రెండు తాగండి."

"తాగుతానమ్మా. దేవుడి మాట మధ్యలో ఆపమనడానికి నేనెవర్ని!" అన్నాడాయన. మక్కా వెళ్ళొచ్చిన ఆ ముసల్మాను పెద్దమనిషి మా ఇంట్లో అందరికంటే బాగా అర్థం చేసుకున్నాడు.

అధ్యాయం అయ్యాకే గడియ తీశాను. అత్త చెయ్యెత్తింది. అయ్యాద్ అడ్డం వచ్చాడు.

"అమ్మా, ఆ అరగంటా దానికిచ్చెయ్యి."

"సిగ్గులేదురా నీకు? పెళ్ళాం చేత పదిమందిలో..."

"పాకం దించొచ్చాక బిడ్డ దగ్గరికెళ్ళినోణ్ణి నేను. నాకింకా సిగ్గేంటమ్మా?"

అత్త ఎత్తిన చెయ్యి దించింది. అయ్యాద్ జాడీ భుజానికెత్తుకుని లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ మాట మా ఇద్దరి మధ్య కూడా మళ్ళీ రాలేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం గానుగ ఆపి మగవాళ్ళు నడుం వాల్చే వేళకు అత్త వచ్చి కొట్టుగది తాళం తీసేది. నేను లోపలికెళ్ళి గడియ వేసుకునేదాన్ని. ఆమె బయట పీట వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని పప్పు ఏరుతూ కూర్చునేది. నేను జాడీలోంచి పాకం నాకేస్తానేమోనని కాపలా కాబోలు అనుకున్నాను.

మొదటి రోజు నేను ప్రార్థన చేయలేదు. తిట్టాను. కసితీరా, గొంతు బయటికి వినపడకుండా, పళ్ళ బిగువున దేవుణ్ణి తిట్టాను. నా బిడ్డ నీకేం అడ్డమొచ్చింది, నీ పుస్తకం దాని తల కింద పెట్టుకుంటే నువ్వు చేసిన నిర్వాకం ఇదా అని అడిగాను. ఆయన ఊరుకున్నాడు. రెండో రోజు కూడా తిట్టాను. నాలుగైదు రోజులయ్యాక నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఆ ఇంట్లో నేను మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు తగలకుండా చివరిదాకా విన్నవాడు ఆయనొక్కడే. అది తెలిసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎవరూ నీళ్ళు తాగించలేదు. హాయిగా ఏడ్చాను.

తిట్లయ్యాక చదివేదాన్ని. సువార్తల్లో పిల్లలు కనిపించిన చోటల్లా ఆగి, వాళ్ళ గురించి ఒకే ప్రశ్న అడిగేదాన్ని. యాయీరు కూతురు చచ్చిపోతే చెయ్యి పట్టి లేపావు కదా, ఆ పిల్లకి బాప్తిస్మం అయిందా? అయినట్టు ఎక్కడా లేదు. శిష్యులు కసురుకుంటే వద్దని పసివాళ్ళను ఒళ్ళోకి తీసుకున్నావు కదా, వాళ్ళకి ఎనభై రోజులు నిండాయా లేదా అని ఎవరినైనా అడిగావా? అడగలేదు. ఆ కనాను తల్లి కూతురి కోసం వెంటపడితే మొహం తిప్పుకున్నావు, కటువుగా కూడా మాట్లాడావు. ఆమె ఎదురు సమాధానం చెప్పింది. చెప్పినందుకు కోప్పడకపోగా మెచ్చుకుని పంపావు. ఆ పుట దగ్గర నేను పైకే నవ్వాను. ఎదురు చెప్పే ఆడవాళ్ళంటే ఈయనకు చికాకు లేదన్నమాట! మా ఇంటి కోడలు కాకపోయినా ఆమె నాకు అక్కలా అనిపించింది. ఆ రోజు నుంచి తిట్టడం తగ్గింది. అడగడం ఎక్కువైంది. ఉదయం నుంచి పిప్పి మోస్తున్నా, తెట్టు తీస్తున్నా, మధ్యాహ్నం ఆయనతో ఏం పోట్లాడాలా అని ఆలోచించుకునేదాన్ని. పెళ్ళైన కొత్తలో అయ్యాద్ కోసం అలా ఎదురుచూసేదాన్ని.

ఆ వెతుకులాటలో నాకు కావాల్సిన రెండోది కూడా దొరికింది. పసివాళ్ళకు అడ్డు తగిలేవాడి మెడకు తిరగలిరాయి కట్టి సముద్రంలో పడేస్తే నయమని ఉంది. ఆ చోట గుర్తుకి చెరకు పీచు ఒకటి పెట్టుకున్నాను. సమయం వచ్చినప్పుడు అందరి ముందూ, గట్టిగా, అత్త మొహం మీదే చదవాలనుకున్నాను.

ఉపవాసాల మధ్యలో అబూనా బిమెన్ ఇళ్ళు దర్శిస్తూ మా ఇంటికీ వచ్చాడు. ధూపం వేసి, రొట్టె తుంచుకుని పాకంలో అద్దుకుంటుండగా నేను సూటిగా అడిగేశాను.

"అబూనా, నా బిడ్డ చీకట్లో ఉందా?"

ఆయన చెయ్యి ఆగింది. "అలాంటివి మనం తేల్చేవి కావు తల్లీ. దేవుడి కనికరానికి అప్పగించాలి."

"అప్పగించడం సరే. ఆయన తీసుకున్నాడా లేదా?"

"అబూనాతో ఆ మాటలేంటే?" అంది అత్త.

ఆయన అత్తను ఆగమన్నట్టు చూసి నాతో అన్నాడు: "నువ్వు తలుపేసుకుని చదువుతున్నావని విన్నాను. మంచిదే. కానీ ఒక్కదానివే చదివితే దారి తప్పే ప్రమాదముంది. పెద్దలు చెప్పిన అర్థాలు తెలియాలి."

"తప్పితే ఆయనే వెతుక్కుంటాడు లెండి. తప్పిపోయిన గొర్రె సంగతి నిన్ననే చదివాను."

జోర్జెత్ నోటికి తలగుడ్డ కొంగు అడ్డం పెట్టుకుంది. అబూనా నన్ను కాసేపు చూశాడు. కోప్పడలేదు. "చదువు," అన్నాడు, అంతే. లేచి వెళ్ళిపోయాడు.

బాప్తిస్మాల ఆదివారం ఇంకో వారంలోకి వచ్చింది. ఆ రోజు చర్చిలో చదివేది పుట్టుగుడ్డివాడి కథ. దాన్ని ముందుగానే చదవాలనిపించింది. చిన్నప్పటి నుంచీ విన్న కథే, కానీ వినడం వేరు. వాడు ఎవరినీ పిలవలేదు, చూపు కావాలని అడగలేదు. వాణ్ణి ఎవరూ తీసుకురాలేదు కూడా. దారిన పోతున్న ఆయనే చూశాడు, ఆయనే ఆగాడు, కిందికి వంగి ఉమ్మితో మట్టి కలిపి ఆ కళ్ళకు పూశాడు. కోనేటికెళ్ళి కడుక్కోమని చెప్పింది ఆ తర్వాత. నీళ్ళు తర్వాత! ఆగింది ముందు, వంగింది ముందు. నోరు లేనిది, నడక రానిది నా తెక్లా. అది వెళ్ళలేదు కాబట్టి ఆయనే దాని దగ్గరికి వెళ్ళి ఉంటాడు. నాకది ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో, ఆ జాడీల మధ్య, నా అంతట నేను చూశాను. నా గుండె మీంచి బండ తీసినట్టయింది.

కానీ దానికి పైనే ఇంకో మాట ఉంది. వీడు గుడ్డివాడిగా పుట్టడానికి ఎవరి పాపం కారణం, వీడిదా, కన్నవాళ్ళదా అని శిష్యులు అడిగారు. వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదు అన్నాడాయన.

పుస్తకం మూసేశాను. ఆ మాట నాకు నచ్చలేదు. ఎవరి నేరమూ కాకపోతే లబీబా నేరమూ కాదు. అలా ఎలా కుదురుతుంది? నా కూతురికి చూపు ఇస్తే ఇవ్వు, అది నీ ధర్మం, ఆవిణ్ణి మాత్రం వదలకు అని ఆయనతో పోట్లాడాను. మర్నాడు ఆ పుట ముట్టుకోలేదు. ఆ మర్నాడు తీశాను. అక్కడే ఉంది. మట్టి కలిపిన చేతిని తీసుకుని, దాని ముందున్న మాటను వదిలేద్దామంటే రెండూ ఒకే పుటలో ఉన్నాయి. సగం చించుకోవడానికి లేదు.

అప్పుడు తలుపు బయటి నుంచి అత్త గొంతు వినిపించింది. ఎప్పటి కసురు లేదు.

"దొరికిందా?"

"ఏంటి?"

"నువ్వు వెతుకుతున్నది. నా శిక్ష."

బయట పప్పు ఏరుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఆమాత్రం తెలియకుండా ఉంటదా నాకు? రోజూ ఇక్కడే కూర్చుంటన్నానుగా, ఎప్పుడు బయటికొచ్చి చదువుతావా అని." పీట తలుపు దగ్గరికి జరిగిన చప్పుడైంది. "నా కూతురికి గడువు కాకుండానే నీళ్ళు పోయించాను. ఒళ్ళు కాలిపోతంది, చలికాలం, చన్నీళ్ళు. అబూనా చేతుల్లోంచి నా చేతికొచ్చేసరికి ప్రాణం లేదు. ఆ నీళ్ళే తీసుకుపోయాయనుకున్నా. అందుకే నీ పిల్లకి వద్దన్నా. పాకం కోసం కాదే. పాకం పోతే పోద్ది. బతుకుద్దనుకున్నా."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకొక కూతురు ఉండేదని నాకెవరూ చెప్పలేదు. గడియ తీశాను. ఆమె లోపలికి రాలేదు, పీట మీంచి లేవలేదు. పళ్ళెంలో పప్పు వైపే చూస్తోంది.

"చదువు. ఏం రాశాడో చదువు. నాకు అక్షరం ముక్క రాదు. నువ్వు ఏది చదివితే అదే నాకు దేవుడి మాట."

అది నిజం. ఆ క్షణంలో నేను ఏం చదివినా ఆమె నమ్మేది. చెరకు పీచు పెట్టిన చోటు నా బొటనవేలి కిందే ఉంది. పుస్తకం దానంతటదే అక్కడ తెరుచుకుంది. వారాల తరబడి ఆ చోటు తీసి తీసి చూసుకుంటే తెరుచుకోదా మరి!

నేను పుటలు తిప్పి, పుట్టుగుడ్డివాడి కథ మొదటి నుంచి చదివాను. చివరిదాకా ఆగకుండా చదివాను.

"కన్నవాళ్ళదీ కాదన్నాడా?" అంది.

"కాదన్నాడు."

"మరి నాయనమ్మది?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నాయనమ్మ సంగతి అక్కడెవరూ ఎత్తలేదత్తా. ఎత్తినా కాదనే అనేవాడు."

ఆమె పళ్ళెం పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు తాళం వేయడం మరిచిపోయింది.

బాప్తిస్మాల ఆదివారం నాటికి నా గడువు తీరింది. పెట్టెలోంచి తెక్లా తెల్లగౌను తీసి మడతలు విప్పాను. జోర్జెత్ కళ్ళు పెద్దవి చేసింది.

"అదెందుకు తెస్తున్నావే? నిజంగానే పిచ్చెక్కిందా?"

"తెచ్చేది నేను. బరువు నీకేమొచ్చింది?"

చర్చి కిక్కిరిసిపోయింది. చన్నీళ్ళకు పసివాళ్ళు గుక్కపెడుతుంటే, వాళ్ళ గౌన్ల మీద ఎర్ర రిబ్బన్లు కడుతుంటే నేను స్తంభం పక్కన నిలబడి చూశాను. చూడలేననుకున్నాను, చూశాను. అందరికీ అయ్యాక తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని, కొవ్వొత్తులు పట్టుకుని అబూనా వెనక ఊరేగింపుగా బలిపీఠం ముందు నుంచి తిరగడం మొదలుపెట్టారు. నేను ఒక కొవ్వొత్తి వెలిగించుకుని, గౌను చేతి మీద వేసుకుని ఆ వరసలో చివర్న నడిచాను. ఒంటి మీద సంతాపపు నలుపు, చేతి మీద ఆ తెలుపు. రెండు వైపులా బల్లల్లో గుసగుసలు పాకాయి. వరస సర్దుతున్న డీకను ఒకాయన నా ముందుకొచ్చాడు.

"అమ్మా, బిడ్డలున్న వాళ్ళే ఇందులోకి రావాలి."

"నాకూ ఉంది."

"ఏదీ, ఎక్కడ?"

"మీకు కనిపించదు," అన్నాను. "తప్పుకోండి."

ఆయన అబూనా వైపు చూశాడు. అబూనా వెనక్కి తిరిగి నన్ను చూశాడు, చేతి మీది గౌను చూశాడు. పాట అందుకుని ముందుకు నడిచాడు. నడక మాత్రం కాస్త నెమ్మదించింది, నేను అందుకునేంత. డీకను తప్పుకున్నాడు.

మామూలుగా ఆ ఊరేగింపులో అమ్మమ్మలూ నాయనమ్మలూ నాలుక ఆడిస్తూ సంతోషంతో గొంతెత్తి జగ్రూతలు వేస్తారు, చర్చి మారుమోగిపోతుంది. నేను వరసలో చేరాక అవి ఆగిపోయాయి. చావు ఇంటి మనిషి ఎదురుగా ఎవరు వేస్తారు? మా వైపు ఏడాది తిరిగేదాకా చావు ఇంటి ఆడది జగ్రూత వేయడం కాదు కదా, పక్కింట్లో వేస్తే వినను కూడా వినకూడదు. నా అడుగులు నాకే వినిపిస్తున్నాయి. నా మూలంగా పది మంది పసివాళ్ళ సంబరం చప్పబడింది. అయినా నేను వరస వదల్లేదు.

ఆడవాళ్ళ బల్లల్లోంచి ఒక జగ్రూత లేచింది. బొంగురుగా మొదలై, మధ్యలో తెగి, మళ్ళీ అందుకుని పైకప్పు దాకా పోయింది. తలలన్నీ అటు తిరిగాయి. నఖశిఖపర్యంతం నల్లబట్టల్లో నిలబడి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మా అత్త.

పక్కనున్నామె ఆమె మోచెయ్యి పట్టి లాగింది. "లబీబా! ఎవరికమ్మా ఇది?"

"నా మనవరాలికి," అంది అత్త, చర్చి అంతా వినేట్టు. మోచెయ్యి విడిపించుకుని, ఊపిరి తీసుకుని ఇంకొకటి వేసింది. మొదటిదానికంటే పొడుగ్గా వేసింది. "ఇది నా కూతురికి."

మా కుటుంబానికి మతి లేదని ఊరు మిగిలిన ఉపవాసాలన్నాళ్ళూ చెప్పుకుంది. చెప్పుకోనీ. మర్నాడు గానుగ ఆగిన వేళకు నేను కొట్టుగదికి వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. అత్త లోపల బోర్లించిన జాడీ మీద కూర్చుని, ఇంకో జాడీ నా కోసం బోర్లించి పెట్టి ఉంది.

"నిలబడ్డావేంటి?" అంది. "లోపలికి రా. గడియ వెయ్యి, జోర్జెత్ వస్తది."